తుమ్మని మనిషి

ఈ రోజుల్లో కారం ప్యాకెట్ చింపితే ముక్కుకేమీ తగలదు. అది కారం కాదు, ఎర్రపొడి అని నేనంటే ఇంట్లో గొడవ. గురజాలలో మా నాన్న కారం మిల్లు పక్కన పెరిగినదాన్ని, ఎట్లా ఒప్పుకుంటాను? ఎండాకాలం కల్లాల నుంచి మిరపకాయల గోతాలు వీధి పొడుగునా దిగేవి. ఆరేసిన బట్టలూ, మజ్జిగన్నమూ, నా బడి పుస్తకాలూ అన్నీ ఘాటెక్కేవి.

ఎనభైల్లో గిరాకీ పెరిగి నాన్న రెండో మిషను దించాడు. దానికి మనిషి కావాలి. ఆయన పరీక్ష ఒక్కటే: గోతాం కాయ ఆడేదాకా మిషను పక్కన తుమ్మకుండా నిలబడాలి. పనికోసం వచ్చిన మస్తాన్‌బీ పిన్ని తుమ్ముతూ బయటికి పరుగెత్తితే, వసారాలో తొడిమలు తీసే పనిచ్చాడు. సైదులు మాత్రం గుంజలా నిలబడ్డాడు, కంట్లో చుక్క నీరు లేదు.

"మనిషంటే ఈడు!" అన్నాడు నాన్న.

ఒకరోజు కిరసనాయిలు అంటిన చేత్తో నేను కట్టిన అన్నాన్ని సైదులు మారుమాట లేకుండా తినేశాడు. నేను నాన్న దగ్గరికి పరుగెత్తాను.

"నాన్నా, ఈయన ముక్కుకి ఘాటే కాదు, వాసనా తెలవదు. మిషను బెల్టు కాలినా తెలవదు."

"నీకు నోరు చానా ఎక్కువైంది. పోయి చదువుకో."

చదువెక్కడిది! బడి వదలగానే మిల్లు మెట్టు మీద కూర్చుని గాలి వాసన చూడటమే నా పని. నిద్రలోనూ రబ్బరు కాలినట్టే ఉండేది.

ఒక సాయంత్రం నిజంగానే కాలింది. సైదులు కాయ పోస్తూనే ఉన్నాడు. అతని వెనక బెల్టు నుంచి నిప్పు గోతాలకంటుకుంది. నేను కేక పెట్టాను. మస్తాన్‌బీ పిన్ని మెయిన్ స్విచ్చి దించింది. వెనక గదిలో నాన్న కునుకు తీస్తున్నాడు. మిరపకాయల పొగ! లోపలికి అడుగు పెట్టినవాళ్ళు పెట్టినట్టే దగ్గుతూ వెనక్కి పడుతున్నారు.

"అయ్య ఏడమ్మా?" అన్నాడు బయటికొచ్చిన సైదులు. వేలు చూపించాను. తలకు తువ్వాలు చుట్టుకుని లోపలికి పోయాడు. ఎంతసేపటికో నాన్నను భుజాన వేసుకుని వచ్చాడు.

నాన్న వాచిన కళ్ళు తెరిచి, "నీకు వాసన తెలవదని ముందే చెప్పలేదేందిరా?" అన్నాడు.

"చెప్తే పనిస్తావా అయ్యా?"

 మిల్లు మళ్ళీ ఆడినరోజు నాన్న కాలిన వాసన పట్టడానికి మస్తాన్‌బీ పిన్నిని బెల్టు పక్కన కూర్చోబెట్టాడు, సైదులును తీసెయ్యలేదు.

ఆ మిల్లు లేదు, ఆ ముగ్గురూ లేరు, వీధి పొడుగునా తుమ్ములూ లేవు. నా పచ్చళ్ళ కార్ఖానాకు పనికోసం వచ్చినవాళ్ళను నేనూ అడుగుతుంటాను, ఏం చేతగాదో చెప్పమని. ఎవరూ చెప్పరు. సైదులు నాన్న ముఖంలో చూసిందే నా ముఖంలోనూ చూసి భయపడతారని నాకు తెలుసు.