యాట్‌లో నా సగం

ఆ రోజుల్లో మనిషి గొప్పంతా అతడు ఎక్కే వాహనంలో ఉండేది. మా ముత్తాత ఏనుగెక్కాడు, తాత పల్లకి ఎక్కాడు, నాన్న జోడుగుర్రాల బండి ఎక్కాడు. నా వంతు వచ్చేసరికి వేలూరు నుంచి గుడియాత్తానికి పోయే మూడో తరగతి రైలుపెట్టె మిగిలింది. (అందులోనూ నేను నిటారుగానే కూర్చునేవాణ్ణి. వెనక్కి ఆనుకోవడం మా వంశంలో లేదు.) ఏనుగు పోయినా దాన్ని కట్టేసిన రాయి మా వాకిట్లోనే ఉండేది. పల్లకి నడవలో ఉండేది, కొమ్ము చివరల సింహం తలల వెండి తొడుగులతో సహా. మోసే బోయీలు లేరు గనుక అందులో కోళ్లు గుడ్లు పెట్టేవి. అయితేనేం, ఆ వీధి మొత్తంలో పల్లకిలో పుట్టిన కోళ్లు మావే.

నాకు ఇరవైరెండేళ్లప్పుడు వేలూరులో ఉద్యోగం చేసే ఒక దొర సీమకు తిరిగిపోతూ తన విహారనౌకను అమ్మజూపాడు. దాన్ని ఆయన ‘యాట్’ అనేవాడు. కావేరిపాక్కం చెరువులో ఉండేది. మెరుగు పెట్టిన టేకు చెక్కలు, ఇత్తడి కమ్మీలు, తెల్లని తెరచాప, ఎండ తగలకుండా పైన పందిరి. ఆ కబురు వినగానే నా వెన్ను ఇంకొంచెం నిటారయింది. నేల మీద ఎక్కదగినవన్నీ మా పెద్దలు ఎక్కేశారు. నాకు మిగిలింది నీళ్లే కదా! అయితే ఒక్కడినే కొనే తాహతు లేదు. అప్పుడే మా ఇంటికి వచ్చాడు నీలిచేతుల మేస్త్రీ. వాళ్ల నాయన మా తాతకు తలపాగాలు నేసినవాడు. ఈయన గుడియాత్తంలో లుంగీల మగ్గాలు చాలా నడుపుతున్నాడు. నూలుకు రంగు అద్దీ అద్దీ మోచేతుల దాకా నీలం దిగిపోయింది, అందుకే ఆ పేరు.

“చిన్నయ్యా, బాయి పంచుకుంటాము, మామిడితోపు పంచుకుంటాము. పడవ పంచుకుంటే ఏమి? ఒక దినం మీరు, ఒక దినం నేను” అన్నాడు.

“మేస్త్రీ, మా ఇంట్లో ఎవురూ దేన్నీ సగం ఎక్కినోళ్లు కాదు.”

“సగం యాడ ఎక్కుతారు సామీ? ఎక్కినపుడు అంతా ఎక్కినట్టే గదా!”

 ఆ మాట నచ్చిందని చూపించకుండా మూడు వారాలు ఆలోచించాను. శుక్రవారాలు ఎవరివి, తెరచాప చిరిగితే ఎవరు కుట్టించాలి అని చర్చలు జరిపాం. తెరచాప ఊరికే నేయించి ఇస్తానన్నాడు మేస్త్రీ. ఏ బట్టతో అని అడిగితే, “మన గళ్ల లుంగీ బట్టే చిన్నయ్యా, శానా గట్టిది” అన్నాడు. (ఏనుగెక్కిన వాడి మునిమనవడు లుంగీ కింద ఊరేగడమా! ఆ చర్చ అక్కడే ఆపాను.) నా సగానికి నేనివ్వగలిగినవి పల్లకి మీది వెండి సింహాలే. మా అమ్మ ఒక్క మాటే అడిగింది. “నాయనా, ఆ సింహాలు ఒలిచినాక అది పల్లకీనా, కోళ్లగూడా?”

“ఒకసారి పడవెక్కి చూసి చెప్తానమ్మా” అన్నాను. ఆ సాయంత్రానికే దొరకు ఖాయంగా మాట చెప్పాలి.

మేస్త్రీ, నేను వాలాజారోడ్డులో రైలు దిగి, ఎద్దులబండి కట్టించుకుని చెరువుకు చేరాం. కట్ట అంచుదాకా నీళ్లు. పడవ ఫోటోలో పెళ్లికూతురిలా ఉంది. ఎక్కి చూస్తే పందిరి కింద ఒకటే పేము కుర్చీ. దొర ఒంటరివాడు మరి. మూడు వారాల చర్చల్లో మాకు తట్టనిది అదొక్కటే. చివరికి చెరువు నడిమి దాకా నేను, అక్కణ్ణించి మేస్త్రీ కూర్చోవాలని ఒప్పందమైంది. ముందు తాంబూలం ఎప్పుడూ మా ఇంటిదే కాబట్టి ముందు నేను కూర్చున్నాను. గాలి తెరచాపలోకి వచ్చింది. ఒడ్డున నాట్లు వేసే ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. ఆ కొద్దిసేపూ నేను ఏనుగు మీద ఉన్నానంటే నమ్మండి.

నడిమికి రాగానే లేచాను. మాట అంటే మాటే.

“కూచో మేస్త్రీ.”

“మీరు నిలబడుంటే నేనెట్ల కూచుంటా చిన్నయ్యా? మా నాయన మీ తాత ముందర కూచున్నోడు కాదు.”

“ఇది నీ వంతు. నీ వంతులో నేను కూచుంటే అది దొంగతనం.”

“మీరే కూచోండి సామీ, నాకు నిలబడేది అలవాటే.”

మర్యాద కోసం ఆయన పడవ అంచుకు జరిగాడు. ఆయన్ని కుర్చీలోకి పంపడానికి నేనూ అదే అంచుకు వెళ్లాను. తెరచాప తాడు పట్టుకున్న పడవవాడు గొంతు చించుకున్నాడు. “ఉక్కారుంగో సామీ! ఎవురో ఒకరు కూచోండప్పా! పడవ వాలతా ఉండాది!”

ఇద్దరం కూర్చోలేదు. పడవ ఒరిగింది.

అదృష్టవశాత్తూ అక్కడ చెరువు పూడిపోయి నీళ్లు రొమ్ముదాకానే ఉన్నాయి. నా తలపాగా ఒక దిక్కుకు పోయింది. మేమిద్దరం కాదన్న కుర్చీ మాత్రం నీళ్లమీద దర్జాగా తేలుతూ వెళ్లింది. “ఇపుడు ఇద్దరం ఒకే ఎత్తులో ఉండాము గదా చిన్నయ్యా!” అని మేస్త్రీ పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. (నవ్వానని ఆయన గుడియాత్తమంతా చెప్పాడు. ఈనాటికీ నేను ఒప్పుకోను.)

గట్టుమీద పంచె పిండుకుంటూ చెప్పాను. “వద్దు మేస్త్రీ. ఒక కుర్చీకే ఇంత మర్యాద అయితే, పడవంతా పంచుకుంటే ఇద్దరం మునిగిపోతాము. నువ్వొక్కడివే కొనుక్కో.”

ఆయన తడిసిన నీలి చేతులు చూసుకున్నాడు. “మీరు లేని పడవలో ఎవుర్ని చూసి నిలబడేది?” అన్నాడు.

పడవను ఇంకో దొర కొన్నాడు. మా సింహాలు పల్లకి మీదే ఉండిపోయాయి. ఆ రోజు నేను మాట తప్పలేదు, ఆయన మర్యాద తప్పలేదు. మా వంశంలో ఏనుగు దిగాక జరిగిన గొప్ప పని అదేనని నా నమ్మకం.

నెల తిరిగేసరికి మా వాకిట్లో ఒక బండి ఆగింది. దానిమీద ఆ పేము కుర్చీ! “దొర దగ్గర ఇదొకటి మేస్త్రీ కొన్నాడు సామీ. సగం మీది, సగం ఆయనదంట. ఆయన వచ్చినపుడు ఎవురూ నిలబడకూడదంట” అన్నాడు బండివాడు. తరువాత ఎన్నో ఏళ్లు మేస్త్రీ వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ఇద్దరం అరుగుమీద కూర్చునేవాళ్లం. కుర్చీ మా మధ్య ఖాళీగా ఉండేది.

ఇప్పుడు మేస్త్రీ లేడు. మోకాళ్లు అరుగుమీద కూర్చోనివ్వవు గనుక నేనే కుర్చీలో కూర్చుంటున్నాను. అంత వెడల్పు కుర్చీలో ఒక పక్కకు ఒదిగి, బిగుసుకుని ఎందుకు కూర్చుంటావని ఇంట్లోవాళ్లు అడుగుతారు. వంశగౌరవం అంటాను. అది నిజమే. కానీ రెండో సగం నాది కాదు.