బూడిదలో చల్లారిన కమాను పట్టా

కల్వకుర్తి బస్టాండు వెనక రేకుల షెడ్డులో నర్సింగమ్మది ఇరవై ఏళ్లుగా కొలిమి ఊదే పని, ఆమె భర్త ఎల్లయ్యది డ్రిల్లింగ్ మిషను పని. ఎల్లయ్య చనిపోయిన నెలన్నరకు ఆమె ఒక్కతే షెడ్డు తలుపు తీసింది. మొదట వచ్చినవాడు రైతు మల్లన్న. లారీ కమాను పట్టాను చేనులో తోలే గుంటకకు బ్లేడుగా బిగించాలి, అందుకు రెండు రంధ్రాలు వేయాలి.

“చేన్ల పదునున్నప్పుడే గుంటక తోలాలె వదినా. నీతోని గాదంటే చెప్పు, బజార్ల వెల్డింగోని తాన గ్యాసుతోని తూట్లు కాల్పిచ్చుకుంట.”

“గ్యాసుతోని కాలిస్తే ఎలుక కొరికినట్లుంటది. నాతోని ఎందుకు గాదు?”

“మంట నీది, మిషను మా అన్నది గద!”

ఆ మాట నర్సింగమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఈ పట్టా వెనక్కి పోతే ఇక ఈ షెడ్డు గడప ఎవరూ తొక్కరు. పట్టాను ఎర్రగా కాల్చి, ఎప్పుడూ చూసినట్టే నీళ్ల తొట్టిలో ముంచింది. చుయ్యిమంది. మిషను కింద బిగించి నొక్కింది. డ్రిల్లు బిట్టు దిగలేదు. కీచుమని అరిచి, మొన నీలంగా మారి పుటుక్కున విరిగింది. పట్టా మీద అద్దంలా మెరిసే చిన్న గుంట మిగిలింది.

“పాయె!” అన్నాడు మల్లన్న.

ఆమె తొట్టి వైపు చూస్తూ నిలబడింది. తాను చూసింది చివర్లో ముంచడమే. రంధ్రాలు పడ్డాక, అంచు పదునెక్కడానికి ముంచేది. అంతకుముందు సంగతి? సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాక ఎల్లయ్య ఎర్రటి ఇనుమును బూడిద గుంతలో కప్పి ఇంటికొచ్చేవాడు. పొద్దున ఆమె వంట ముగించుకొని వచ్చేసరికి రంధ్రాలు పడి ఉండేవి.

“పట్టా ఈడనే ఇడిసిపెట్టు మరిదీ. నీళ్లల్ల ముంచి గట్టిగ జేసిన. మెత్తగయితెనే తూటు పడ్తది.”

“చేన్ల పదును ఆరిపోతది!”

“మొగులు వట్టింది సూడు. పదును యాడికి పోతది? పొద్దుగాల రా.”

మల్లన్న గొణుక్కుంటూనే వదిలి వెళ్లాడు. ఆమె పట్టాను మోదుగుపువ్వు రంగు వచ్చేదాకా కాల్చి, మెల్లగా చల్లారేలా జానెడు లోతు పొడి బూడిదలో పూడ్చింది.

తెల్లవారి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. పాత గుంట పక్కన గుర్తు పెట్టి కొత్త బిట్టు దించింది. ఈసారి అరుపు లేదు. ఇనుము జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. రంధ్రంలో వేలు తిప్పి చూస్తే ఎక్కడా గరుకు తగల్లేదు. అడుగున లేచిన పొరను ఆకురాయితో గీకేసింది. రెండోదీ అంతే. తర్వాత అంచు మటుకే కాల్చి నీళ్లలో ముంచింది. రంధ్రాల వైపు నీరు తగలనివ్వలేదు. అక్కడ గట్టిపడితే బోల్టు బిగించగానే పగుళ్లిస్తుంది.

మల్లన్న బోల్టు పెట్టి చూశాడు. సుత్తి అవసరం లేకుండానే దిగింది. ఇంకోటి పెట్టాడు. అదీ దిగింది.

“మా పాలోల్ల పట్టాలు ఇంక రెండున్నయి వదినా. రేపు పొద్దుగాల తెస్త.”

“పొద్దుగాల గాదు, పొద్దుమూకాల తే,” అంది నర్సింగమ్మ, మిషను మీది ఇనుప చుట్టలు ఊడుస్తూ. “తెల్లారి తీస్కపోదురు.”