శారదమ్మ గోడ మీద గీసిన కంపెనీ

మనవరాలు తెల్లబోర్డు మీద రాసుకుంటుంటే ఆ మార్కరు వాసనకు ఇవాళ్టికీ నాకు పాత కంపెనీ గోడ గుర్తొస్తుంది. బెంగాల్లో, ఏక్‌బాల్‌పూర్‌లో రేవు పక్కన సరుకు రవాణా కంపెనీలో పనిచేసేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని కదా, కింది గదిలో అచ్చయిన చీటీలు పై గదికి మోయడమే నా ఉద్యోగం. ఆ గది కంప్యూటరుకూ ఈ గది కంప్యూటరుకూ సంబంధం లేదు. మధ్యలో నేను.

సాల్ట్ లేక్‌లో ఉన్న ఆఫీసు నుంచి శారదమ్మ వచ్చింది. మన తెలుగువాళ్ళే, విజయవాడ వైపు. ఏ పని ఎవరి చేతిలోంచి ఏ యంత్రంలోకి పోతుందో, దానివల్ల కంపెనీకి ఒరిగేదేమిటో గోడనిండా పటం గీయడం ఆవిడ పని. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అనేవారు. ఆ పటంలో రెండు గడుల మధ్య గీతను నేను. "మాషీ, నువ్వూ గోడెక్కావు. ఇక తుడవడమే తరువాయి," అని మా పెద్ద గుమస్తా, బెంగాలీ బడాబాబు నవ్వాడు. మాషీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. నాకు నవ్వు రాలేదు. మా ఆయన పోయాక ఇల్లు నడిచింది ఆ చీటీల మీదే.

"అప్పమ్మగారూ, ఈ చీటీలతో మీరు ఏమేం చేస్తారు?" అని అడిగింది శారదమ్మ.

"ఏటి సేత్తానమ్మా, కిందవి మీదికి అట్టుకెల్తాను. అంతే."

అంతే కాదు. చల్లగా ఉండాల్సిన మందుల చీటీలకు మూలన నీలం ముద్ర ఉండేది. మెట్ల మీద ఆగి వాటిని ఏరి పైన పెట్టేదాన్ని. అవి ముందు వెళితేనే ఆ పెట్టెలు ముందు కదులుతాయి. ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఆ సంగతి దాచుకున్నాను. నేను లేకపోతే పని ఆగాలి, అప్పుడే నన్ను ఉంచుతారని.

రెండు కంప్యూటర్లనూ కలిపేశారు, ఇక చీటీలు మోసే పని లేదు. మొదటి రోజు మధ్యాహ్నమే మందుల పెట్టెలు సిమెంటు బస్తాల వెనక ఎండలో కనిపించాయి. వాటి వంతు రాలేదట. ఏ ఆసుపత్రిలో ఎవరు కాచుకున్నారో అనుకున్నాను. చెబితే ఉద్యోగం పోతుంది. అయినా శారదమ్మ దగ్గరికి వెళ్ళాను.

"నీలం ముద్ర సంగతి నానే దాసీసినాను తల్లీ."

ఆవిడ కేకలెయ్యలేదు. ముందు పెట్టెలను చల్లగదికి పంపించింది. సగం అప్పటికే పాడయ్యాయి.

"యంత్రాల దగ్గర మొదలుపెట్టి గీశాను. మందు కోసం కూర్చున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టాల్సింది. అబద్ధం చెప్పను, మీ మోసే పని తిరిగి రాదు. మీకు తెలిసింది మాత్రం పోకూడదు," అంది.

వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రతి గీతకూ "దీనికోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?" అని అడిగేది. జవాబు లేనివి తుడిచేసింది, బడాబాబు నెలనెలా రాయించే రిపోర్టుతో సహా. నోరు విప్పిన ప్రతిసారీ నా కాళ్ళకింద మట్టి నేనే తవ్వుకుంటున్నట్టుండేది. చివరికి నా గీతనూ నా కళ్ళముందే తుడిచింది. సరుకుల యార్డులో ఏది ముందు కదలాలో చూసే బల్ల దగ్గర కొత్త గడి గీసి, నా పేరు రాసింది. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఆవిడకూ తెలియదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఒప్పుకున్నారు.

ఇప్పటికీ ఎవరైనా నువ్వేం చేస్తావని అడిగితే ముందు దాచుకోవాలనే అనిపిస్తుంది. అయినా అంతా చెబుతాను. కోడలికి వంటిల్లు అప్పగించిన రోజూ ఒక్క కిటుకూ దాచుకోలేదు. ఇక నాతో పని ఉండదేమోనన్న భయం ఉన్నా, అన్నీ చెప్పాను.