చిలకల పంజరంలో సుక్కమ్మ మంద

మా ఇంట్లో కిరాయికి దిగేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే. కుక్క, పిల్లి ఉండకూడదు. నాగేందర్, శోభ మా పైపోర్షన్‌లోకి వచ్చినప్పుడు సరేనని తలూపారు. వాళ్ల కూతురు వర్షితకు అప్పటికే రెండు లవ్‌బర్డ్స్ ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. పిట్టలే కదా అని ఊరుకున్నాను. గినీ పందుల సంగతి నా షరతులో లేదు. అలాంటివి ఉంటాయని నాకు తెలిస్తే కదా.

నేను చెప్పబోయేది మాత్రం నాగేందర్ తల్లి సుక్కమ్మ గురించి. కల్వకుర్తి దగ్గర పల్లె ఆమెది. కుర్మోళ్ల ఇంట్లో పుట్టి, కుర్మోళ్ల ఇంటికే కోడలై, నడక వచ్చిన నాటి నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. భర్త ఐలేశం పోయాక కూడా మందను వదల్లేదు. కిందటేడు చలిలో చేల మీదే పడుకుని, జ్వరం తెచ్చుకుని, చావు దాకా వెళ్లొచ్చింది. అప్పుడు నాగేందర్ మందను చిన్నాయన కాటమయ్యకు అప్పజెప్పి తల్లిని పాలమూరుకు తీసుకొచ్చేశాడు.

వచ్చిన కొత్తలో ఆమెను చూస్తే నాకు ఒకపక్క జాలి, ఇంకోపక్క చిరాకు. తెల్లారి లేస్తే మేడ మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉండేది. కింద నా నెత్తి మీద ఆ అడుగుల చప్పుడు.

"జర కూసోరాదు సుక్కక్కా" అంటే, "కూసుంటే కాళ్లు గుంజుతున్నయ్ చెల్లె. కాటమయ్య రమ్మంటుండు. దసరా అయినంక పోత" అనేది.

ఆ మాట వింటే నాగేందర్ ముఖం వాడిపోయేది. మళ్లీ చలికాలం వస్తోంది. పోతే మళ్లీ చేలల్లోనే పడుకుంటుంది, ఎవరు చెప్పినా వినదు. ఆపడానికి అతని దగ్గర ఉపాయమేమీ లేదు.

అంతలో వర్షిత పుట్టినరోజు వచ్చింది. శోభ తమ్ముడు శివకృష్ణ హైదరాబాద్ నుంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. మూత తీస్తే లోపల గుండ్రంగా, బొచ్చుబొచ్చుగా రెండు గినీ పందులు. గోధుమరంగు మీద తెల్ల మచ్చలున్నదానికి వర్షిత జిలేబి అని, నల్లదానికి లడ్డు అని అక్కడికక్కడే పేర్లు పెట్టింది. రెండూ ఆడవేనని దుకాణంవాడు చెప్పాడట.

సుక్కమ్మ వంగి చూసి, "ఇవేం ఎలుకలురా, తోకలే లెవ్వు" అంది. అంటూనే ఉంది, చెయ్యి మాత్రం పెట్టెలోకి పోయింది. జిలేబి ఆ చేతిని వాసన చూసి, కదలకుండా నిలబడింది.

ఇక చూడాలి ఆమె హడావుడి! పొద్దున్నే కవర్ పట్టుకుని మా వీధి చివరి ఖాళీ ప్లాట్లలోకి వెళ్లి గరిక కోసుకొచ్చేది. మెట్ల మీద ఆ కవర్ గరగరమంటే చాలు, పైన రెండూ ఈల వేసినట్టు "వీక్, వీక్" అని ఒకటే గోల. "ఇనవడ్తుందా చెల్లె, నన్నే పిలుస్తున్నయ్" అని మెట్ల మీద నిలబడి నాకు చెప్పి మరీ పైకెక్కేది. నా నెత్తి మీద నడక ఆగిపోయింది. దసరా మాట కూడా వినిపించలేదు. శోభ కుట్టుమిషన్ తొక్కుతూ నాతో గుసగుసగా, "ఆంటీ, అత్తమ్మ ఉండిపోయేటట్టే ఉంది" అంది. నాకు నా సొంత మనిషి ఆగిపోయినంత సంబరమైంది.

అట్టపెట్టెను రెండూ కలిసి కొరికి తినేశాయి. వేరే జాగా చూడాలి. పిట్టల కోసం నాగేందర్ చేయించిన ఇనుప జాలీ పంజరం అలమారంత ఉంటుంది. పిట్టలు పైన కర్రల మీద ఉంటాయి, కిందంతా ఖాళీయే. సుక్కమ్మ చూపు దాని మీద పడింది.

"ఒక్కదాంట్లనే పెడ్తే మంచిగుంటదా అత్తమ్మా?" అని శోభ అడిగింది.

"ఎందుకుండది? మా దొడ్డిల మేకలు, కోళ్లు ఒక్కతాననే పండుతయ్. కోడి మేక మీదికెక్కి గోమార్లు ఏరుకుని తింటది. దానికి తిండి, దీనికి దురద పోతది. నాకు తెల్వదా?"

గోమార్లంటే పశువుల ఒంటికి పట్టుకుని రక్తం తాగే పురుగులు. మేకలున్న ఇంట్లో కోడి ఉండాలని ఆమె అత్తగారు చెప్పింది, ఆ అత్తగారికి వాళ్ల అత్తగారు చెప్పింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు సుక్కమ్మ పట్టు పడితే ఇంక ఎవరూ మాట్లాడేది లేదు. సాయంత్రానికి జిలేబి, లడ్డు పంజరం కింది అంతస్తులో కాపురం పెట్టాయి.

కొన్నాళ్లకు సుక్కమ్మ నన్ను గట్టిగా కేకేసి పిలిచింది. వెళ్లేసరికి ఆకుపచ్చ పిట్ట జిలేబి వీపు మీద కూర్చుని వెంట్రుకల్లో పొడుస్తోంది.

"సూడు. నేను జెప్పలే? గోమార్లు ఏరుతాంది" అని ఆమె నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. నేను ఫోన్ తీసి వీడియో పట్టి, తెలిసినవాళ్లందరికీ పంపాను. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

ఆ వారం గడవకముందే జిలేబి మూల పట్టింది. బొచ్చు లేపుకుని, ముడుచుకుని కూర్చుంది. కవర్ గరగరమన్నా లడ్డు ఒక్కటే ఈల వేసింది. గరిక ముందు పెడితే జిలేబి ముఖం తిప్పుకుంది. సుక్కమ్మ బయటికి తీసి చూస్తే వీపు మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేవు. చెవి అంచున రక్తం గడ్డ కట్టి ఉంది. ముక్కు తడి తడిగా ఉంది, ఊపిరి తీస్తుంటే గరగర.

వర్షిత ఏడుపు మొదలుపెట్టింది. "అవ్వా, నువ్వే కదా అండ్ల పెట్టినవ్" అంది.

చిన్నపిల్ల అన్న మాటే. కానీ సుక్కమ్మ ముఖంలో రక్తం చుక్క లేదు. "మల్లన్న మీద ఒట్టు బిడ్డా. ఇది నా తప్పుతోని సస్తే నీకు నా మొకం చూపియ్య. కాటమయ్యకాడికి పోయి ఆడనే ఉంట" అంది. ఆమె ఒట్టు వేస్తే వేసినట్టే. నాగేందర్ అప్పటికప్పుడు ఆటో పిలిచాడు. నేనూ ఎక్కాను. ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు.

పెంపుడు జంతువులను చూసే డాక్టర్ సుమన జిలేబిని బల్ల మీద పెట్టి, వెంట్రుకలు పాయలు తీసి చూపించింది.

"దీని ఒంటి మీద ఒక్క పురుగు కూడా లేదమ్మా. పిట్ట ఏరింది వెంట్రుకలు. గూటికి మెత్తగా ఉంటాయని పీకింది. చెవి కొరికింది."

"మా మేకల మీద కోళ్లు..." అని సుక్కమ్మ మొదలుపెట్టింది.

"మేక ఎంత, కోడి ఎంత? నొప్పి పుడితే మేక దులిపేసుకుంటది, లేచి పోతది. ఇది ఎక్కడికి పోవాలె? పైన రెక్కల చప్పుడైతే చాలు, గద్ద వచ్చిందనుకుంటది. మీ పంజరంలో పొద్దంతా గద్దలే దీనికి. పైగా పిట్టల రెట్ట దీని గడ్డిలో పడుతుంది, నీళ్లలో పడుతుంది. పిట్టకు ఏమీ చెయ్యని క్రిమి దీని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తది. రెండు రకాలనూ పెంచుకోండి, వద్దనను. వేరే వేరే పంజరాలు, వీలైతే వేరే గదులు. ఒకదాని కింద ఒకటి అసలే వద్దు."

గద్ద నీడ పడితే కోడిపిల్లలు ఎట్లా బిగుసుకుపోతాయో సుక్కమ్మకు ఒకరు చెప్పాలా?

డాక్టర్ జిలేబి పొట్ట కింద చెయ్యి పెట్టి, మెల్లగా నొక్కి చూసి ఆగింది. "ఇది కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నయ్. రెండోది మగది అయ్యుంటది" అంది. మందులు రాసింది. తిండి మానేసిన తల్లికి కాన్పు గండమేనని, మెత్తగా నూరి సిరంజితో తాగించాలని చెప్పింది. సి విటమిన్ వీటి ఒంట్లో తయారు కాదట, జామకాయ, కొత్తిమీర పెట్టమంది. మగదాన్ని దగ్గరికి రానివ్వొద్దంది.

ఆటోలో సుక్కమ్మ జిలేబిని ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పింది.

"గొర్రె సూడిదో కాదో నడక జూసి జెప్తుంటి చెల్లె. దీనికి కడుపుంటే కనవడలే నాకు. పైకి ముద్దు జేస్తున్న గని, లోపల ఎలుకనే అనుకున్న. ఎలుకను జూసినట్టే జూసిన."

ఓదార్చడం నాకు చేతకాదు. "జామకాయలు మా చెట్టువి తెస్తలే" అన్నాను.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఒక కాన్పుల దవాఖాన అయిపోయింది. పిట్టల పంజరం వెనక బాల్కనీలోకి వెళ్లింది. లడ్డు శోభ కుట్టుమిషన్ పక్కన చెక్కపెట్టెలో చేరాడు. జిలేబికి ముందు గదిలో మూలన, పైన మూత, లోపల దాక్కునే చోటు, మెత్తటి గడ్డి. సుక్కమ్మ గరిక, జామ నూరి సిరంజితో చుక్కచుక్కగా తాగించేది. సగం బయటికి ఊసేస్తే మళ్లీ పట్టేది. ఒకపక్క తన చీరలు మాత్రం సంచిలో సర్ది గోడకు ఆనించి పెట్టుకుంది. ఆ సంచి చూసినప్పుడల్లా నాగేందర్ తల తిప్పుకునేవాడు. నేను వంట మధ్యలో వదిలి వదిలి పైకెక్కేదాన్ని.

ఒక ఉదయం మెట్ల మీద కవర్ గరగరమంది. ఆ వెంటనే పైనుంచి రెండు గొంతులు వినబడ్డాయి. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. జిలేబి ముందుకాళ్లు పెట్టె అంచు మీద పెట్టి ఈల వేస్తోంది. సుక్కమ్మ గరిక పోచను అందించి, అది నమలడం చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గండం ఇంకా ఉంది. కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా? కనాలి, కని బతకాలి.

ఆదివారం పొద్దున కాటమయ్య ఫోన్ చేశాడు. "వదినా, గొర్లు ఈనుడు మొదలయింది. నువ్వు లేకుంటే నా చెయ్యి ఆడ్త లేదు. రేపు వస్తవా?"

"జిలేబి సంగతి తేలనీ. నువ్వే మళ్ల చెయ్యి" అందామె. పక్కనే ఉన్న నాగేందర్ లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

నేను దోసె వేస్తున్నాను. "ఆంటీ" అని శోభ పిలిచిన తీరుకే అర్థమైంది. పొయ్యి ఆర్పి ఒకే ఊపున పైకెక్కాను. సుక్కమ్మ నేల మీద బోర్లా పడుకుని పెట్టెలోకి చూస్తోంది. వర్షిత ఆమె పక్కనే అదే తీరుగా పడుకుంది. జిలేబి వంగి, తన కిందికి మూతి పెట్టి లాగింది. పిల్ల బయటపడింది. నేనేమో ఎర్రగా, కళ్లు తెరవని ఎలుకపిల్లను చూస్తాననుకుని గుండె చిక్కబట్టుకున్నాను. తల్లి నాకుతుంటే ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్లు! కాసేపటికే అది వణుకుతూ నాలుగు కాళ్ల మీద లేచింది.

సుక్కమ్మ తల ఎత్తి నన్ను చూసింది. "ఇది ఎలుక కాదు చెల్లె. గొర్రెపిల్ల లెక్క లేస్తాంది."

రెండోది కూడా వచ్చింది. అదీ లేచింది. మూడోది పడింది గానీ కదల్లేదు. జిలేబి అలసిపోయి పక్కకు ఒరిగింది, దాన్ని నాకలేదు. సుక్కమ్మ చెయ్యి పెట్టి పిల్లను అందుకుంది. చూపుడువేలితో ముక్కు మీది పొర తీసేసింది. తల కిందికి వంచి పట్టుకుని, కొంగుతో వీపు రుద్దింది. రుద్దింది, ఆగి చూసింది, మళ్లీ రుద్దింది. ఆ ముసలి చేతుల్లో తొందర లేదు. వర్షిత నా చీర పట్టుకుంది.

మూడో పిల్ల నోరు తెరిచింది. సన్నగా కీచుమంది.

నేను ఏడ్చేశాను. సిగ్గేమీ లేదు, అందరం ఏడ్చాం. సుక్కమ్మ దాన్ని తల్లి మూతి దగ్గర పెట్టింది. జిలేబి ఒకసారి చూసి, నాకడం మొదలుపెట్టింది. ఆ పక్కనే మొదటి పిల్ల పడుతూ లేస్తూ వెళ్లి గరిక పోచను నోట పట్టింది.

మూడోది కూడా వణుకుతూ లేచి నిలబడేసరికి ఫోన్ మోగింది. కాటమయ్య. సుక్కమ్మ చేతులు తడిగా ఉన్నాయని నాగేందర్ ఫోన్‌ను ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"వదినా, ఏమాయె? రేపు పొద్దుగాల బస్‌స్టాండ్‌కు రానా?"

"రాకు. నేను వస్తలేను" అంది సుక్కమ్మ, పిల్లల మీది నుంచి చూపు తిప్పకుండా. "ఈడ నా మంద ఈనింది. నేను ఉండాలె."

అవతలి నుంచి కాటమయ్య, తరతరాలుగా కుర్మోళ్లు ఒకరినొకరు అడిగే మాటే అడిగాడు.

"ఎన్ని ఈనింది?"

"మూడు" అంది సుక్కమ్మ. "మూడూ లేసి నిలవడ్డయ్."