టింగుమనని కప్పులు

ఈ సాయంత్రం బట్టీ తెరిచాను. పన్నెండు కప్పులు, ఒక్కదాని మీదా చిన్న గీత కూడా లేదు.

రైల్వే స్కూల్లో రిటైరయ్యాక గుఢియారీ అనే హిందీవాళ్ల పేటలో ఒక్కణ్ణే ఉంటూ, పెరట్లో కట్టుకున్న చిన్న బట్టీలో కప్పులు కాలుస్తున్నాను. ఇక్కడి మట్టికీ నేను పూసే గ్లేజుకీ రెండేళ్లుగా పొత్తు కుదరలేదు. చల్లారేటప్పుడు ఆ గాజుపూత మట్టికన్నా ఎక్కువ ముడుచుకుని సన్నగా చిట్లేది. అలా చిట్లినప్పుడల్లా బల్ల మీద కప్పులు రెండు మూడు రోజులపాటు టింగు టింగుమంటూ ఉండేవి. ఈసారి పట్టుబట్టి గ్లేజులో పలుగురాతి పొడి పెంచాను, సెగ కూడా ఇంకాస్త ఎక్కించాను.

పక్కింటి గార్డుగారి భార్య సూరమ్మ కూర ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటండీ మాస్టారూ, ఇయాల ఇల్లు ఏక్‌దమ్ చుప్‌చాప్‌గా ఉంది? మీ కప్పులు పలకడం లేదేటి?"

"కుదిరాయమ్మా. ఇక పలకవు."

మెచ్చుకుంటుందనుకున్నాను. "అయ్యో" అని వెళ్లిపోయింది.

కొత్త కప్పులో టీ పోసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. పారేద్దామని బయట పెట్టిన పాత గ్లేజు డబ్బాను మళ్లీ లోపలికి తెచ్చుకున్నాను. ఈసారి ఒక్క కప్పుకి అదే పూస్తాను.

కావాలని తప్పు చేసేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా, లేక నేనొక్కణ్ణేనా?