రంగు రాలేదు

ఆర్మూరు మార్కెట్ యార్డులో మా అమ్మ పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి ఒక మాట అంటే రైతుల పంట అమ్మిపెట్టే అడ్తిదారు కూడా నోరెత్తేవాడు కాదు. రంగు ముదురుగా ఉంటే సరుకు, లేకపోతే లేదు. బతుకంతా ఆమెకు అదే కొలత.

పంతొమ్మిది వందల తొంభైలలో అలాంటి మనిషికి పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ లేచింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ పోయింది గానీ, మళ్లీ వస్తుందేమోనన్న భయం మా ఇంట్లో తిష్ఠ వేసింది. తీసిన గడ్డ ముక్క మీద కొత్తగా వచ్చిన ఒక పరీక్ష చేస్తామని డాక్టరమ్మ నాతో చెప్పింది. చెడిపోయిన ఒక జీన్ ఆ గడ్డలో ఎంత జోరు మీదుందో అందులో తెలుస్తుందట. మందు వేస్తే గోధుమరంగు తేలిందా, గడ్డ మొండిది, తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తేలలేదా, ఆశ ఎక్కువ. అయినా ఇది పూచీ కాదు సుమా అని కూడా అంది. ఇంటికొచ్చాక అమ్మకు చెప్పబోతే, జీన్ గీన్ నాకెందుకని కసిరింది. నేనూ ఊరుకున్నాను.

ఫలితం చెప్పే ఫోన్ మా ఇంటి పక్కనున్న అడ్తి దుకాణానికి వచ్చింది. ఎత్తింది అమ్మే. మొదటి ముక్క వినగానే పెట్టేసి, పెరట్లో ఉడికిన పసుపు ఆరబోస్తున్న నా దగ్గరికొచ్చి కూలబడింది.

"రంగు రాలేదంట బిడ్డా. ఇగ నా పని అయిపోయింది."

నేను చేతిలో చేట పడేసి నవ్వాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. ఆమెకు ఒళ్లు మండింది.

"నేను సస్తుంటె నీకు నవ్వొస్తుందా?"

ఆ పరీక్షలో రంగు రాకపోవడమే మంచిదని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రంగు లేనిది మంచిదెట్లయితదని ఒకటే వాదన. చివరికి దుకాణానికి లాక్కెళ్లి డాక్టరమ్మతోనే మాట్లాడించాను. అమ్మ ఆమెతో మూడుసార్లు చెప్పించుకుని, రిసీవర్ పెట్టి, నేరుగా ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంత ఇష్టంగా తినడం నేను చూడలేదు. నా సంతోషం పట్టడానికి ఆ రోజు ఆర్మూరు చాల్లేదు.

గడ్డ మళ్లీ రాలేదు. మరుసటి పంటకు అమ్మ యార్డులో అడుగుపెట్టింది. పానం ఎట్లుందని అడ్తిదారు అడిగితే, చేతిలో కొమ్మును ఫట్‌మని విరిచి, లోపల చూసుకుంటూ చెప్పింది.

"గీ యార్డుల రంగు రాకున్నా గెలిచిన సరుకు నేనొక్కదాన్నే."