అవ్వ పైపన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వాదన మొదలైనా గెలిచేది మా నాయనే. కంబదూరు దగ్గర మా ఊళ్లో ఆయన బడిపంతులు. దిష్టి అన్నా, శకునమన్నా పట్టుకుని ఉతికి ఆరేసేవాడు. పదేళ్లదాన్ని, నేనూ ఆయన పక్కన నిలబడి గొంతు కలిపేదాన్ని. ఒక ఎండాకాలం మాత్రం ఇద్దరం కలిసి మా అవ్వ ముందు ఓడిపోయాం.

అవ్వంటే మా నాయన తల్లి. పైదవడలో పన్ను పుచ్చి ఆమె చెంప వాచిపోయింది. సంకటి ముద్ద మింగలేక గంజి తాగి పడుకునేది. పన్ను తీయించుకోమంటే మాత్రం ససేమిరా అంది. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఆమె నమ్మకం. అది ఊరికే గాలికి వచ్చిన నమ్మకం కాదు. వాళ్లక్క కదిరిలో పై పన్ను తీయించుకున్న ఏడాదికే రెండు కళ్లూ కనబడకుండా పోయాయి. అవ్వ వెళ్లి నెలరోజులుండి, ఆమెకు అన్నం కలిపి నోటికందించి వచ్చింది. బొంతలు కుట్టి బిడ్డల్ని పెంచిన మనిషి మా అవ్వ. ఇంకొకరు అన్నం కలిపి పెడితే తినే బతుకు ఆమెకు చావుకంటే పెద్ద భయం.

"యాడి పన్నుకు యాడి కన్నుమా? పెద్దమ్మ కండ్లకు పొర వచ్చినాది. పన్ను తీయకపోయినా వచ్చేదే!" అని నాయన కేకలేసేవాడు.

"నువ్వు చూసినావా? నేను చూసినా" అనేది అవ్వ.

అట్లాంటి రోజుల్లో మా చిన్నాయన సెలవు మీద వచ్చాడు. ఆయన మిలిటరీలో పళ్ల డాక్టరు. ఏ మంచుకొండల్లోనో సిపాయిల పళ్లు చూస్తూ ఏడాదంతా గడిపి, ఒక్క నెల ఇంటికొచ్చేవాడు. ఆ నెలలో కూడా పొద్దున్నే అరుగు మీద ఊరంతా నోళ్లు తెరుచుకుని కూర్చునేది. మా ఊరి నీళ్ల వల్ల అందరి పళ్ల మీదా గోధుమరంగు చారలుండేవి. బయటివాళ్లు మాకు పళ్లు తోముకోవడం రాదని నవ్వేవాళ్లు. "ఇది మీ తప్పు కాదప్పా, బావి నీళ్లది" అని చిన్నాయన ప్రతివాళ్లకూ ఓపిగ్గా చెప్పేవాడు. దూరాన ఉన్నా నెలనెలా జాబు రాసి, పిల్లల్లో ఎవరికి ఏ పన్ను ఊడింది, ఏది మొలిచింది అని పేరుపేరునా అడిగేవాడు. నాకు పాలపన్ను ఊడితే, అది చేతిలో పెట్టుకునే ఆయనకు జాబు రాయడానికి కూర్చునేదాన్ని.

ఆయన టార్చిలైటు వేసి అవ్వ నోరు చూశాడు. లోపల చీము పట్టిందనీ, వాపు అప్పుడే కంటికిందికి ఎక్కుతోందనీ, తీయకపోతే ప్రమాదమనీ చెప్పాడు. అవ్వ మాత్రలకు ఒప్పుకుంది. పట్టకారు పేరెత్తగానే గోడవైపు తిరిగింది.

"నువ్వు నా కొడుకువే. అయినా నా కండ్లు నీ చేతిలో పెట్టనురా" అంది.

నాయన మళ్లీ గొంతెత్తాడు. "అన్నా, నువ్వు కొంచేపు ఊరికుండు" అన్నాడు చిన్నాయన. తర్వాత అవ్వ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన నోట్లో వేళ్లు పెట్టి, పైవరసలో ముందున్న నాలుగు పళ్లనూ కట్టుడు పళ్ల పట్టీతో సహా తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

పైపెదవి లోపలికి పోయి ఆయన మా తాతలా కనిపించాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

"ఎప్పుడురా?" అంది అవ్వ.

"ఆరేండ్లయింది మా. కొండదారిలో జీపు బోల్తా పడింది. విరిగిన మొదళ్లన్నీ పీకేసినారు" అన్నాడు. పళ్లు లేక మాట గాలిగా వస్తోంది. "నీకు చెప్తే నా కండ్లు పోతాయని ఏడుస్తావని చెప్పలేదు."

అవ్వ మంచం దిగింది. ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పింది. ఒక కన్ను తన అరచేత్తో మూసి, వాకిట్లోంచి కనబడే మిట్టను చూపించింది.

"ఆ మిట్టమీద మేకలెన్నుండాయి?"

"ఏడు. ఒకటి కుంటుతాండాది."

రెండో కన్ను మూసింది. "ఆ కుంటేది ఏ రంగు?"

"నల్లది. చెవులు తెల్లగా ఉండాయి."

తాను కూడా మిట్టవైపు కళ్లు చికిలించి చూసి, సరిపోయిందనుకుని, ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. "ఆరేండ్లు తల్లికాడ దాచినావు కదరా, దొంగోడా! సరే, తియ్యి. ముందర నీ పండ్లు నోట్లో పెట్టుకో, నిన్నట్ల చూడలేను."

"నేను చెప్పిందీ అదే కదా!" అన్నాడు నాయన రోషంగా.

"నువ్వు చెప్పలేదురా, అరిచినావు" అంది అవ్వ.

వాపు తగ్గాక చిన్నాయన పన్ను తీశాడు. నా చెయ్యి అవ్వ గుప్పిట్లో నలిగిపోయింది. నోట్లో దూది పెట్టగానే ఆమె చేసిన మొదటి పని, ఒక కన్ను మూసి మిట్టవైపు చూడటం. తర్వాత రెండోది. ఆ ఏడాదంతా రోజూ పొద్దున లేవగానే ఆ పరీక్ష జరిగింది. బడి గడప తొక్కని మా అవ్వకు ఆ పద్ధతి ఎవరూ నేర్పలేదు. వయసు బాగా మీదపడ్డాక చూపు మందగించినా, "ముసలిదాన్నయినా కదా, పన్నేం చేసింది పాపం" అనేది.

చాలా ఏళ్లకు, ఉద్యోగ విరమణ చేసి బుక్కరాయసముద్రంలో స్థిరపడిన చిన్నాయనను అడిగాను, దాచిన కారణం అదొక్కటేనా అని. ఆయన సిగ్గుపడ్డాడు. "పండ్లు లేని పండ్ల డాక్టరంటే ఊళ్లో నవ్వరా?" అన్నాడు. తన పరువుకు ఆయన ఎంత భయపడ్డాడో, ఆ పూట తల్లి కోసం ఏం వదులుకున్నాడో నాకప్పుడు తెలిసింది.

మూఢనమ్మకాల మీద పోట్లాడుతూనే నేనూ ముసలిదాన్నయ్యాను. నా గొంతులో నాయన కోపం ఇప్పటికీ ఉంది, దాన్ని వదులుకోను. అయితే సభల్లో నా ప్రసంగం ఇప్పుడు మరోచోట మొదలవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు తలనొప్పి అని అబద్ధమాడి, తలుపులు మూసుకుని గదిలో కూర్చున్నాను. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పని ఆ సంగతి ముందుగా చెప్తాను. జనం నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణిగాక వెనక వరసలోంచి ఎవరో ఒకావిడ లేచి, "మా ఇంట్లో కూడా అమ్మా..." అని మొదలుపెడుతుంది. నేను మైకు పక్కనపెట్టి, ఆమె చెప్పేది పూర్తిగా వింటాను.